ఓడినవాళ్లు రాయించిన రూల్స్

అందరికీ నమస్కారం.

ప్రపంచకప్ ఫుట్‌బాల్ చరిత్రలోని వింత కథలు చెప్పమని నన్ను పిలిచారు. కథలకేం కొదవ లేదు. కానీ ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోతే మీరు ఇంటికెళ్లేసరికి ఏదీ గుర్తుండదు. అందుకని ఇవాళ ఒకే దారం పట్టుకుని వస్తాను. ఆ దారం పేరు ఆట నియమాలు. రెఫరీ జేబులోంచి పసుపు కార్డు తీస్తాడు. గ్రూపులో చివరి రెండు మ్యాచ్‌లూ ఒకే సమయానికి మొదలవుతాయి. నాకౌట్‌లో, అంటే ఓడితే ఇంటికే అన్న మ్యాచ్‌లో, స్కోరు సమమైతే పెనాల్టీలు కొడతారు. ఇవన్నీ మొదట్నుంచీ ఉన్నవే అనుకుంటాం. కావు. వీటిలో ప్రతిదాని వెనకా ఒక తేదీ ఉంది, ఒక ఊరుంది, ఆ రోజు నష్టపోయిన ఒక జట్టుంది. రూలు తర్వాత వచ్చింది. ఆ జట్టుకి మాత్రం పోయింది పోయినట్టే. గెలిచినవాళ్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు ఈ రెండోవాళ్ల గురించి చెప్పాలని ఉంది.

మొదటి ప్రపంచకప్ 1930లో ఉరుగ్వేలో జరిగింది. 13 జట్లు ఆడాయి. జులై 30న మాంటెవిడియోలో ఫైనల్. ఉరుగ్వే, అర్జెంటీనా. నదికి అటు ఒకరు, ఇటు ఒకరు. మ్యాచ్‌కి ముందు పెద్ద తగాదా వచ్చింది. దేని గురించి? బంతి గురించి. మా బంతితో ఆడాలంటే మా బంతితో ఆడాలని రెండు జట్లూ పట్టుబట్టాయి. మన వీధుల్లో బ్యాటు ఎవరిదైతే వాడిదే మొదటి బ్యాటింగ్ అంటారే, అచ్చం అలాగే. చివరికి మొదటి సగం అర్జెంటీనా బంతితో, రెండో సగం ఉరుగ్వే బంతితో ఆడారు. హాఫ్ టైమ్‌కి అర్జెంటీనా 2-1 ఆధిక్యంలో ఉంది. బంతి మారాక ఉరుగ్వే మూడు గోల్స్ కొట్టి 4-2తో గెలిచింది. ఆఖరి గోల్ కొట్టిన హెక్టర్ కాస్ట్రోకి కుడి ముంజేయి లేదు, చిన్నప్పుడు రంపం కింద పడి తెగిపోయింది. రెఫరీ బెల్జియంకి చెందిన లాంగెనస్. మ్యాచ్ అవగానే తాను బయల్దేరడానికి ఓడ సిద్ధంగా ఉంచితేనే విజిల్ పడతానని షరతు పెట్టి మరీ ఒప్పుకున్నాడు. బంతి వల్లే అర్జెంటీనా ఓడిందని నేననను. కానీ ఇవాళ ప్రతి టోర్నీకీ ఒకే అధికారిక బంతి ఉంటుంది. నల్ల అయిదుకోణాలు, తెల్ల ఆరుకోణాల బొమ్మతో మనందరి మనసులో ఉండిపోయిన ఆ టెల్‌స్టార్ బంతి 1970లో వచ్చింది. నలుపు తెలుపు టీవీలో బాగా కనబడాలని అలా చేశారు.

ఇక కార్డుల కథ. దీనికి కొంచెం సమయం తీసుకుంటాను.

1962 జూన్ 2. చిలీ రాజధాని శాంటియాగో. చిలీకీ ఇటలీకీ మ్యాచ్. అంతకుముందే ఇటలీ విలేకరులు ఇద్దరు శాంటియాగో గురించి, అక్కడి జనం గురించి చాలా నీచంగా రాశారు. చిలీ రెండేళ్ల కిందటే ఘోరమైన భూకంపం చూసిన దేశం. అంత కష్టంలోంచి లేచి టోర్నీ జరుపుకుంటుంటే ఇలా రాస్తారా అని జనం రగిలిపోయారు. మ్యాచ్ మొదలైన 12 సెకన్లకే మొదటి ఫౌల్. ఎనిమిదో నిమిషంలో ఇటలీ ఆటగాడు ఫెరీనిని రెఫరీ బయటికి పొమ్మన్నాడు. అతను పోనన్నాడు. పోలీసులు వచ్చి తీసుకెళ్లాల్సి వచ్చింది. తర్వాత చిలీ ఆటగాడు లియోనెల్ సాంచెజ్ ఇటలీ డిఫెండర్ డేవిడ్‌ని గుద్దాడు. సాంచెజ్ తండ్రి బాక్సర్. రెఫరీ కంట అది పడలేదు. కాసేపటికి డేవిడ్ ఎగిరి సాంచెజ్‌ని తన్నాడు. అది పడింది. డేవిడ్ బయటికి. తొమ్మిదిమందితో మిగిలిన ఇటలీ 2-0తో ఓడింది. ఆ మ్యాచ్‌కి శాంటియాగో యుద్ధం అని పేరు పడింది.

ఆ రోజు విజిల్ పట్టుకున్నది కెన్ ఆస్టన్ అనే ఇంగ్లిష్ రెఫరీ. ఆయన స్థితి ఊహించండి. చుట్టూ ఇరవై ఇద్దరు. వాళ్ల భాష ఆయనకి రాదు, ఆయన భాష వాళ్లకి రాదు. ఎవరిని హెచ్చరించాడో, ఎవరిని పొమ్మన్నాడో స్టేడియంలో ఉన్న వేలమందికీ తెలియదు.

నాలుగేళ్లు గడిచాయి. 1966, ఇంగ్లండ్ ప్రపంచకప్. ఇప్పుడు ఆస్టన్ రెఫరీలందరికీ పెద్ద. జులై 23న వెంబ్లీలో ఇంగ్లండ్, అర్జెంటీనా క్వార్టర్ ఫైనల్. రెఫరీ జర్మన్, పేరు క్రైట్లైన్. అర్జెంటీనా కెప్టెన్ ఆంటోనియో రత్తీన్ మాటిమాటికీ వచ్చి ఏదో అడుగుతున్నాడు. క్రైట్లైన్‌కి స్పానిష్ రాదు. చివరికి విసిగి బయటికి పొమ్మన్నాడు. రత్తీన్ కదల్లేదు. దుభాషిని పిలిపించండి, నా తప్పేమిటో చెప్పండి అని సైగలు చేస్తూ నిలబడ్డాడు. నిమిషాలు గడుస్తున్నాయి, ఆట ఆగిపోయింది. ఆస్టన్ స్వయంగా మైదానం అంచుకి వచ్చి నచ్చజెప్పాల్సి వచ్చింది. చివరికి బయటికి నడిచినవాడు వెళ్లి రాణి కోసం పరిచిన ఎర్ర తివాచీ మీద కూర్చున్నాడు. అర్జెంటీనా 1-0తో ఓడింది. రత్తీన్ పెద్దమనిషిలా ప్రవర్తించాడని నేను చెప్పను. కానీ తన మీద పడ్డ శిక్ష ఎందుకో తనకి అర్థమయ్యే భాషలో చెప్పమని అడిగే హక్కు ఆ మనిషికి లేదంటారా?

మర్నాడు ఇంకో విచిత్రం. అదే మ్యాచ్‌లో ఇంగ్లండ్ అన్నదమ్ములు జాక్ చార్ల్‌టన్, బాబీ చార్ల్‌టన్‌ల పేర్లు కూడా రెఫరీ పుస్తకంలో ఎక్కించుకున్నాడు. ఆ సంగతి వాళ్లకే తెలియదు! పేపర్లో చదివి తెలుసుకున్నారు. ఇంగ్లండ్ శిబిరం ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాకి ఫోన్ చేసి నిజమేనా అని అడగాల్సి వచ్చింది. ఇదంతా బుర్రలో తిరుగుతుండగా ఆస్టన్ లండన్‌లో కెన్సింగ్టన్ హైస్ట్రీట్ మీద కారు నడుపుతున్నాడు. ముందు సిగ్నల్ పసుపు నుంచి ఎరుపుకి మారింది. పసుపంటే జాగ్రత్త, ఎరుపంటే ఆగు. దీనికి దుభాషి అక్కర్లేదు కదా అనిపించింది ఆయనకి. 1970 మెక్సికో ప్రపంచకప్‌లో కార్డులు వచ్చాయి. ఆ టోర్నీ మొత్తంలో ఒక్క ఎర్ర కార్డు కూడా బయటికి రాలేదు.

ప్రపంచకప్‌లో మొట్టమొదటి ఎర్ర కార్డు 1974 జూన్ 14న, పశ్చిమ జర్మనీ మీద మ్యాచ్‌లో పడింది. ఎవరికి? మళ్లీ చిలీ వాడికే. కార్లోస్ కాస్లీ. ఇక్కడ మనం ఆట నుంచి కాస్త పక్కకి వెళ్లాలి, ఎందుకంటే కాస్లీ జర్మనీ దాకా వచ్చిన దారి మామూలు దారి కాదు.

1973 సెప్టెంబర్ 11న చిలీలో సైనిక కుట్ర జరిగింది, సైన్యాధిపతి పినోచే అధికారం లాక్కున్నాడు. శాంటియాగోలోని జాతీయ స్టేడియాన్ని జైలుగా మార్చారు. వేలమందిని అందులో కుక్కారు, హింసించారు, చంపారు. అదే సమయంలో ప్రపంచకప్ అర్హత కోసం చిలీ సోవియట్ యూనియన్‌తో రెండు మ్యాచ్‌లు ఆడాలి. మాస్కోలో 0-0. రెండోది నవంబర్ 21న శాంటియాగోలో, అదే స్టేడియంలో. రక్తం పారిన చోట మేం ఆడం, వేరే దేశంలో పెట్టండి అని సోవియట్లు అడిగారు. ఫిఫా బృందం వచ్చి స్టేడియం చూసి, మైదానం బాగానే ఉంది, ఆడుకోవచ్చని చెప్పి వెళ్లింది. సోవియట్లు రాలేదు. ఆ రోజు చిలీ జట్టు ఒక్కటే మైదానంలోకి దిగింది. విజిల్ ఊదారు. నలుగురైదుగురు బంతిని ఒకరికొకరు అందించుకుంటూ ముందుకు వెళ్లారు. కెప్టెన్ వాల్దేస్ ఖాళీ గోల్‌లోకి బంతిని తోశాడు. అడ్డుకునేవాడు లేడు, బంతిని మళ్లీ మధ్యలో పెట్టి ఆట మొదలెట్టడానికి ఎదుటి జట్టూ లేదు. చిలీకి అర్హత దక్కింది. ఫుట్‌బాల్ చరిత్రలో ఇంతకన్నా సిగ్గుపడాల్సిన గోల్ నాకు తెలియదు. సిగ్గు ఆ ఆటగాళ్లది కాదు.

కాస్లీ ఆ జట్టులో ఉన్నాడు. వామపక్ష అభిమాని. జట్టుని సాగనంపడానికి వచ్చిన పినోచేతో చేయి కలపలేదు. తర్వాత ఆయన తల్లిని పట్టుకెళ్లి హింసించారు. 1988లో పినోచే కొనసాగాలా వద్దా అని ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు ఆ తల్లి టీవీలో వద్దు పక్షాన తన కథ చెప్పుకుంది. చివర్లో కాస్లీ ఆమె పక్కన వచ్చి నిలబడ్డాడు. పినోచే ఓడిపోయాడు. ఎర్ర కార్డు అందుకున్న మొదటి మనిషి అని క్విజ్ పోటీల్లో అడుగుతుంటారు కదా, ఇకమీదట ఆ పేరు వినబడితే ఇది కూడా గుర్తు తెచ్చుకోండి.

సరే, ఇప్పుడు చీటీల సంగతి. స్కోరు సమమైతే ఏం చేయాలి? ఒకప్పుడు మళ్లీ ఆడించేవారు. అదీ తేలకపోతే చీటీ తీసేవారు. నిజంగానే చీటీ. 1954 ప్రపంచకప్‌కి స్పెయిన్, టర్కీల మధ్య పోటీ. మాడ్రిడ్‌లో స్పెయిన్ 4-1తో గెలిచింది. ఇస్తాంబుల్‌లో టర్కీ 1-0తో గెలిచింది. ఇవాళయితే మొత్తం గోల్స్ చూసి స్పెయిన్‌ని పంపిస్తారు. అప్పుడు ఆ లెక్క లేదు, చెరో గెలుపు కాబట్టి సమానం. మూడో మ్యాచ్ రోమ్‌లో పెట్టారు, 2-2. ఇక స్టేడియంలో పనిచేసే ఒకాయన కొడుకుని, పద్నాలుగేళ్ల పిల్లాడిని పిలిచి, కళ్లకు గంతలు కట్టి, గిన్నెలోంచి చీటీ తీయమన్నారు. టర్కీ వచ్చింది. స్పెయిన్ ఇంటికెళ్లింది.

1968లో యూరప్ దేశాల మధ్య జరిగే యూరో కప్‌లో ఇంకా పెద్ద మ్యాచ్‌కే ఈ పని చేశారు. జూన్ 5, నేపుల్స్. ఇటలీ, సోవియట్ యూనియన్ సెమీఫైనల్. అదనపు సమయం తర్వాత కూడా 0-0. రెఫరీ ఇద్దరు కెప్టెన్లని, ఇటలీ ఫక్కెట్టిని, సోవియట్ షెస్టెర్న్యోవ్‌ని లోపలికి తీసుకెళ్లి నాణెం ఎగరేశాడు. బయట స్టేడియం నిండా జనం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఫక్కెట్టి పరుగెత్తుకుంటూ బయటికొచ్చాడు. అతని ముఖం చూస్తే చాలు, ఎవరు గెలిచారో తెలిసిపోయింది. ఇటలీ ఫైనల్‌కి వెళ్లి, అది కూడా రెండుసార్లు ఆడి, యుగోస్లావియాని ఓడించి కప్పు తీసుకుంది. సోవియట్ జట్టుని ఆ సెమీస్‌లో ఎవరూ ఓడించలేదు, ఒక నాణెం ఓడించింది.

అదే ఏడాది మెక్సికో ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ కూడా క్వార్టర్ ఫైనల్లో బల్గేరియాతో సమానంగా ఆడి, చీటీలో ఓడి ఇంటిదారి పట్టింది. ఆ కడుపుమంటలోంచే ఒక ప్రతిపాదన పుట్టింది. యోసెఫ్ దగాన్ అనే ఇజ్రాయెల్ ఫుట్‌బాల్ అధికారి పెనాల్టీలు కొట్టించండి అన్నాడు. అలాంటి ఆలోచన ఇంకొందరికీ వచ్చింది కానీ ఇది ఫిఫా దాకా వెళ్లింది. 1970లో ఆమోదం పొందింది.

పెద్ద టోర్నీ ఫైనల్ పెనాల్టీలతో మొదటిసారి తేలింది 1976 యూరోలో, బెల్‌గ్రేడ్‌లో. చెకోస్లొవాకియా, పశ్చిమ జర్మనీ. జర్మనీ తరఫున హోనెస్ బంతిని బార్ పైనుంచి కొట్టేశాడు. ఇప్పుడు ఆంటొనిన్ పానెంకా కొడితే కప్పు చెకోస్లొవాకియాది. ఆయన పరుగెత్తుకొచ్చాడు. గోల్‌కీపర్ సెప్ మాయర్ ఓ పక్కకి దూకేశాడు. పానెంకా బంతిని బొటనవేలితో అలా మెల్లగా లేపి గోల్ మధ్యలోకి వదిలాడు. అది అప్పటికప్పుడు వచ్చిన పిచ్చి ధైర్యం కాదు. తన క్లబ్ గోల్‌కీపర్‌తో బీరు, చాక్లెట్లు పందెం కాసుకుంటూ రోజూ సాధన తర్వాత పెనాల్టీలు కొట్టేవాడు. పందెం ఓడి ఓడి, రాత్రిళ్లు పడుకుని ఆలోచించి కనిపెట్టిన ఉపాయం అది. పశ్చిమ జర్మనీ ఆ తర్వాత ఆరేళ్లకి, 1982లో సెవిల్లెలో ఫ్రాన్స్ మీద, ప్రపంచకప్ చరిత్రలోనే మొదటి పెనాల్టీ షూటౌట్ గెలిచింది. దానితో కలిపి 2022 దాకా ప్రపంచకప్‌లో ఆడిన నాలుగు షూటౌట్లలోనూ జర్మనీదే గెలుపు. బెల్‌గ్రేడ్ పాఠం వాళ్లు మర్చిపోలేదు.

చీటీలు పూర్తిగా పోయాయనుకోకండి. 1990 ప్రపంచకప్ గ్రూపులో ఐర్లండ్, నెదర్లాండ్స్ అన్నిట్లోనూ సమానమైతే రెండో స్థానం ఎవరిదో చీటీ తీశారు, ఐర్లండ్‌కి వచ్చింది. తర్వాతి రౌండ్‌లో ఐర్లండ్‌కి రొమేనియా తగిలింది, గెలిచింది. నెదర్లాండ్స్‌కి పశ్చిమ జర్మనీ తగిలింది, ఓడింది. 2018లో అయితే కార్డుల కథా చీటీల కథా ఒకచోట కలిశాయి. జపాన్, సెనెగల్ పాయింట్లు సమానం, గోల్స్ సమానం, వాళ్లిద్దరి మధ్య మ్యాచ్ 2-2. చీటీకి ముందు ఇంకో మెట్టు పెట్టారు, ఎవరికి తక్కువ కార్డులున్నాయో చూడాలని. జపాన్‌కి పసుపు కార్డులు 4, సెనెగల్‌కి 6. ఆఖరి మ్యాచ్‌లో జపాన్ పోలండ్ చేతిలో 0-1తో ఓడిపోతూ కూడా, అటు సెనెగల్ ఓడిపోతోందని తెలిసి, చివరి పది నిమిషాలు బంతిని తమలో తాము అటూ ఇటూ అందించుకుంటూ గడిపేసింది. జనం ఈలలు వేసి నిరసన చెప్పారు. సెనెగల్ పసుపు కార్డుల లెక్కలో ఇంటికెళ్లిన మొదటి జట్టయింది. నాకు నచ్చలేదు. నాణెం కన్నా మేలే అనేవాళ్లతో వాదించలేను కూడా.

రూల్ తెలియనివాడని లోకం నవ్విన ఒక మనిషి గురించి చెప్పకుండా ముందుకి వెళ్లలేను. 1974 జూన్ 22. బ్రెజిల్, జైర్ మ్యాచ్. జైర్ అంటే ఇప్పటి డీఆర్ కాంగో. బ్రెజిల్‌కి ఫ్రీ కిక్ దొరికింది, అంటే బంతిని ముందు వాళ్లే కొట్టాలి. జైర్ ఆటగాళ్లు గోడలా నిలబడ్డారు. రెఫరీ విజిల్ ఊదగానే, బ్రెజిల్ వాళ్లు బంతిని ముట్టకముందే, ఆ గోడలోంచి మ్వేపు ఇలుంగా అనే డిఫెండర్ దూసుకొచ్చి బంతిని దూరంగా తన్నేశాడు. పసుపు కార్డు పడింది. ప్రపంచమంతా నవ్వింది, ఆఫ్రికావాళ్లకి ఆట నియమాలే తెలియవన్నారు. దశాబ్దాలపాటు తమాషా వీడియోల్లో అదే చూపించారు. ఆ జైర్ జట్టు అదే ఏడాది ఆఫ్రికా కప్ గెలిచిన జట్టు. సహారా ఎడారికి దిగువనున్న దేశాల్లోంచి ప్రపంచకప్‌కి వచ్చిన మొదటి జట్టు. వాళ్లకి ఫ్రీ కిక్ అంటే తెలియదా? జరిగింది వేరు. వాళ్లకి రావాల్సిన డబ్బు అధికారులు తినేశారు. మేం ఆడమన్నారు. ఆడి యుగోస్లావియా చేతిలో 0-9తో ఓడారు. అప్పుడు నియంత మొబుటు మనుషులు వచ్చి చెప్పారు, బ్రెజిల్ చేతిలో మూడు గోల్స్‌కి మించి తేడాతో ఓడితే ఇంటికి రావద్దని. ఆ ఫ్రీ కిక్ వేళకి మ్యాచ్ ఆఖరికి వచ్చింది. రూల్ తెలుసు, కావాలనే చేశాను, రెఫరీ నన్ను బయటికి పంపితే బాగుండుననుకున్నాను అని మ్వేపు తర్వాత వివరించాడు. తమ డబ్బు తిన్నవాళ్ల కోసం ఇంకా ఒళ్లు విరుచుకోవడం ఎందుకన్నది ఆయన కోపం. మ్యాచ్ 3-0తో ముగిసింది. వాళ్లు ఇల్లు చేరారు.

ఇందాక టీ దగ్గర ఒక తమ్ముడు అడిగాడు, సార్, మనవాళ్లు ఉత్త కాళ్లతో ఆడతామంటే ఫిఫా ఒప్పుకోలేదట కదా, అందుకే 1950 ప్రపంచకప్‌కి వెళ్లలేదట కదా అని. ఈ మాట ప్రతి నాలుగేళ్లకీ తిరుగుతుంది. తమ్ముడూ, కారణం అది కాదు.

1950లో మన గ్రూపులో బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో మనకి అర్హత ఆడకుండానే దక్కింది. బ్రెజిల్‌లో ఇటలీ, స్వీడన్, పరాగ్వేలతో మనల్ని వేశారు. ఖర్చులో చాలా భాగం బ్రెజిల్ వాళ్లే పెట్టుకుంటామన్నారు కూడా. అయినా మన సమాఖ్య వెళ్లలేదు. ఆటగాళ్ల ఎంపికలో తేడాలు, సాధనకి సమయం చాలకపోవడం, అంత దూరం ఓడ ప్రయాణం, అన్నిటికన్నా ముఖ్యంగా ఒలింపిక్స్ ముందు ప్రపంచకప్ ఎంత అన్న ధోరణి. ప్రపంచకప్ ఇంత పెద్దదవుతుందని అప్పట్లో మాకు తెలియలేదని కెప్టెన్ కావాల్సిన శైలేన్ మన్నా తర్వాతి కాలంలో చెప్పారు. ఉత్త కాళ్ల కథ ఎక్కడ వీగిపోతుందో చూడండి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడి, రెండు పెనాల్టీలు వదులుకుని కూడా ఫ్రాన్స్ చేతిలో 1-2తో మాత్రమే ఓడారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లోనూ కొందరు ఉత్త కాళ్లతోనే దిగారు. 1950లో నిషేధం ఉండి ఉంటే 1952లో ఎలా దిగుతారు?

ఆ హెల్సింకీలో మనకి రూలు పుట్టింది. చలి ఎముకలు కొరుకుతోంది. యుగోస్లావియా 10-1తో ఓడించింది. ఆ దెబ్బతో భారత సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ఆ జట్టుకి కోచ్ మన హైదరాబాద్ వాడు, సయ్యద్ అబ్దుల్ రహీమ్. రహీమ్ సాబ్. వృత్తికి బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్ గెలిచింది. బొంబాయిలో, కలకత్తాలో మన పోలీసు జట్టు పేరు చెబితే హడలేవారు.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి రహీమ్ సాబ్ తీసుకెళ్లిన జట్టులో హైదరాబాద్ వాళ్లు బోలెడంతమంది. అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, లతీఫ్, సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్. ఆస్ట్రేలియాని వాళ్ల ఊళ్లోనే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనది, నెవిల్ కొట్టాడు. చివరికి 1-4తో ఓడారు, కంచు పతకం మ్యాచ్‌లోనూ ఓడి నాలుగో స్థానంలో నిలిచారు. నాలుగేళ్లలో 10-1 నుంచి అక్కడికి. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చేనాటికి రహీమ్ సాబ్ క్యాన్సర్‌తో ఉన్నారు. మరుసటి ఏడు జూన్‌లో పోయారు. ఈ ఊళ్లో పిల్లలకి పెలే తెలుసు, మెస్సీ తెలుసు. రహీమ్ సాబ్ ఎవరో తెలియదు. నాకు నిజంగా బాధేస్తుంది.

గోల్ లైన్ సంగతి మీకు తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. 1966 ఫైనల్లో పశ్చిమ జర్మనీ మీద ఇంగ్లండ్ ఆటగాడు హర్స్ట్ కొట్టిన బంతి బార్‌కి తగిలి కిందపడింది. గీత దాటిందా లేదా? అజర్‌బైజాన్‌కి చెందిన లైన్స్‌మన్ బహ్రమోవ్ దాటిందన్నాడు. జర్మనీ ఇప్పటికీ ఒప్పుకోదు. బాకూలో ఒక స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. 2010లో బ్లోమ్‌ఫోంటైన్‌లో అదే రెండు జట్లు. ఈసారి ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి బార్‌కి తగిలి గీత లోపల స్పష్టంగా పడింది. టీవీ ముందున్న లోకమంతా చూసింది, రెఫరీ ఒక్కడు చూడలేదు. గోల్ ఇవ్వలేదు. 2012లో, బంతి గీత దాటిందో లేదో యంత్రంతో తేల్చే గోల్ లైన్ టెక్నాలజీకి అనుమతి వచ్చింది, 2014 ప్రపంచకప్‌లో వాడారు.

మంచి ఉద్దేశంతో పెట్టిన రూలు ఎదురు తిరగడం కూడా ఉంది. 1994 జనవరి 27న కరీబియన్ కప్ అర్హత పోటీలో బార్బడోస్, గ్రెనడా ఆడాయి. బార్బడోస్ ముందుకెళ్లాలంటే రెండు గోల్స్ తేడాతో గెలవాలి. ఆ టోర్నీలో నిర్వాహకులు కొత్త రూలు పెట్టారు. అదనపు సమయంలో గోల్ పడగానే ఆట అయిపోతుంది, పైగా ఆ గోల్‌ని రెండుగా లెక్కేస్తారు. బార్బడోస్ 2-0తో ఉంది. 83వ నిమిషంలో గ్రెనడా ఒక గోల్ కొట్టింది, 2-1. కాసేపు తంటాలు పడ్డాక బార్బడోస్ వాళ్లకి వెలిగింది. మన గోల్‌లో మనమే వేసుకుంటే 2-2 అవుతుంది, అదనపు సమయం వస్తుంది, అక్కడ ఒక్కటి కొడితే రెండు. వేసుకున్నారు! గ్రెనడాకి సంగతి అర్థమైంది. ఇప్పుడు వాళ్లు ఏ వైపు గోల్ కొట్టినా ముందుకెళ్తారు, అటు కొడితే 3-2 గెలుపు, ఇటు తమ గోల్‌లోనే వేసుకుంటే 2-3 ఓటమి, ఒక్క గోలే తేడా. చివరి నిమిషాల్లో బార్బడోస్ ఆటగాళ్లు రెండు గోల్‌లనీ కాపలా కాశారు, తమదీ, ఎదుటివాళ్లదీ. అదనపు సమయంలో బార్బడోస్ కొట్టింది, 4-2. మైదానంలో ఎవరూ తప్పు చేయలేదు. కాగితం మీద రూలు రాసినవాళ్లు, ఆటగాడు దాన్ని అవతలి వైపు నుంచి కూడా చదువుతాడని అనుకోలేదు.

ఇక అల్జీరియా. నేను ఇవాళ వచ్చింది ముఖ్యంగా దీని కోసమే.

1982, స్పెయిన్. అల్జీరియాకి అదే మొదటి ప్రపంచకప్. జూన్ 16న హిహోన్ అనే ఊళ్లో పశ్చిమ జర్మనీతో మొదటి మ్యాచ్. యూరప్ ఛాంపియన్లు వాళ్లు. మ్యాచ్‌కి ముందే గెలిచేసినట్టు మాట్లాడారు. మజర్ గోల్ కొట్టాడు. రుమెనిగె సమం చేశాడు. ఆ వెంటనే, జర్మన్లు బంతిని ముట్టే లోపు, అల్జీరియా వాళ్లు ఒకరికొకరు అందించుకుంటూ వెళ్లి బెల్లూమీ చేత రెండోది కొట్టించారు. 2-1. ప్రపంచకప్‌లో ఒక ఆఫ్రికా జట్టు యూరప్ జట్టుని ఓడించడం అదే మొదలు. తర్వాత ఆస్ట్రియా చేతిలో 0-2తో ఓడారు. చిలీని 3-2తో ఓడించారు. వాళ్ల మ్యాచ్‌లు జూన్ 24తో అయిపోయాయి. మర్నాడు, 25న, అదే హిహోన్‌లో పశ్చిమ జర్మనీకీ ఆస్ట్రియాకీ ఆఖరి మ్యాచ్. గెలిస్తే రెండు పాయింట్ల కాలం అది. లెక్క రెండు జట్లకీ ముందే తెలుసు. జర్మనీ ఒకటి రెండు గోల్స్ తేడాతో గెలిస్తే ఇద్దరూ ముందుకి, అల్జీరియా ఇంటికి. జర్మనీ గెలవకపోతే జర్మనీ ఇంటికి. మూడు నాలుగు గోల్స్ తేడా వస్తే ఆస్ట్రియా ఇంటికి.

పదో నిమిషం దాటేసరికి హ్రూబెష్ గోల్ కొట్టాడు. 1-0. ఆ తర్వాత ఆట మెల్లమెల్లగా చచ్చిపోయింది. రెండో సగంలో బంతిని వెనక్కి, పక్కకి, మళ్లీ వెనక్కి. ఎవరూ ఎవరి మీదికీ వెళ్లరు. అల్జీరియా అభిమానులు గ్యాలరీల్లోంచి నోట్లు ఊపి చూపించారు, అమ్ముడుపోయారని. స్పెయిన్ జనం తెల్ల రుమాళ్లు ఊపారు, చాలించమని. ఆస్ట్రియా టీవీ వ్యాఖ్యాత టీవీలు కట్టేసుకోండి అని సొంత ప్రేక్షకులకే చెప్పాడు. జర్మనీ వ్యాఖ్యాత కాసేపు మాట్లాడడమే మానేశాడు. ఆ ఊరి పత్రిక మ్యాచ్ వార్తని నేరాల పేజీలో వేసింది. అల్జీరియా ఫిర్యాదు చేసింది. ఏ నియమమూ ఉల్లంఘించలేదని ఫిఫా కొట్టేసింది. అది నిజం. ఉల్లంఘించడానికి ఆ నియమం అప్పటికి లేదు. పశ్చిమ జర్మనీ ఫైనల్ దాకా వెళ్లింది.

ఇది ముందే చూసుకోవాల్సిన సంగతి. నాలుగేళ్ల ముందు, 1978 ప్రపంచకప్‌లో, అర్జెంటీనాలో, బ్రెజిల్ ముందుగా తన మ్యాచ్ ముగించేసింది. అర్జెంటీనా మైదానంలోకి దిగేసరికి, బ్రెజిల్‌ని దాటి ఫైనల్‌కి వెళ్లాలంటే పెరూని కనీసం నాలుగు గోల్స్ తేడాతో ఓడించాలని తెలుసు. 6-0తో ఓడించింది. కుట్ర జరిగిందని ఎవరూ నిరూపించలేదు. కానీ ఎన్ని కొట్టాలో తెలిసి దిగడమే ఒక వరం. బ్రెజిల్ గొడవ పెట్టినా మారని రూలు హిహోన్ తర్వాత మారింది. 1984 యూరో నుంచి, 1986 ప్రపంచకప్ నుంచి గ్రూపులో చివరి రెండు మ్యాచ్‌లూ ఒకేసారి మొదలవుతాయి. 2014లో బ్రెజిల్‌లో అల్జీరియా రష్యాతో 1-1 డ్రా చేసుకుని మొదటిసారి గ్రూపు దాటింది. అదే సమయానికి వేరే ఊళ్లో దక్షిణ కొరియా, బెల్జియం ఆడుతున్నాయి. ఎవరికీ ఎవరి లెక్కా ముందే తెలియదు. తర్వాతి మ్యాచ్‌లో ఎవరు తగిలారనుకున్నారు? జర్మనీ. అదనపు సమయం దాకా లాగి 1-2తో ఓడారు. తలెత్తుకుని ఓడారు.

ఇది పాత కథ అనుకోకండి. 2026 ప్రపంచకప్‌కి జట్లని 48కి పెంచినప్పుడు ఫిఫా మొదట వేసిన పథకం మూడేసి జట్లతో 16 గ్రూపులు. మూడు జట్ల గ్రూపులో చివరి మ్యాచ్ జరిగేటప్పుడు ఒక జట్టు తప్పకుండా బయట కూర్చోవాలి. అంటే ప్రతి గ్రూపులోనూ ఒక అల్జీరియా. అభిమానులు, విలేకరులు, లెక్కల మేధావులు హిహోన్ పేరెత్తి ఏళ్ల తరబడి పోరారు. 2023 మార్చిలో కిగాలీలో ఫిఫా ఆ పథకం వదిలేసి నాలుగేసి జట్లతో 12 గ్రూపులకి వచ్చింది. కుమ్మక్కయ్యే ప్రమాదం తగ్గించడానికని వాళ్లే చెప్పారు. మ్యాచ్‌లు 104 అయ్యాయి.

అయినా సందు పూర్తిగా మూసుకోలేదు. 12 గ్రూపుల్లోంచి మొదటి రెండేసి జట్లు పోగా, మూడో స్థానాల్లోంచి మెరుగైన ఎనిమిదింటిని కూడా తీసుకుంటారు. గ్రూపులన్నీ ఒకే రోజు ముగియవు. ముందు ముగిసిన గ్రూపులో మూడో జట్టు హోటల్లో కూర్చుని టీవీ చూస్తుంది. ఆఖర్న ఆడే గ్రూపులకి ఎన్ని పాయింట్లు చాలో, ఎన్ని గోల్స్ చాలో ముందే తెలుస్తుంది. ఈ సందులో ఎవరు ఇరుక్కుంటారో, దానికి ఏ ఊరి పేరు పెడతారో చూడాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ఆ మైకు ముందు వరుసలో ఉన్న అమ్మాయికి ఇవ్వండి, చాలాసేపట్నుంచి చెయ్యెత్తి ఉంది.